ఐదో బుట్ట

ఆ రోజుల్లో అంటే మరీ పాతరోజులేమీ కావు. ఫోన్లు ఇప్పుడున్నట్టే ఉండేవి, శ్రీకాకుళంలో ఆటోలు ఇప్పటిలాగే అడ్డదిడ్డంగా తిరిగేవి, నాగావళి ఎండాకాలంలో ఇసుకనీ వానాకాలంలో ఎర్రనీళ్లనీ చూపించేది. మారింది నేనొక్కడినే. అప్పట్లో నాకు గట్టి నమ్మకాలు ఉండేవి. మనిషికి ఏం కావాలో కనుక్కుని, దాన్ని సరైన పెట్టెలో పెట్టి చేతికిస్తే ఆ మనిషి కష్టం తీరిపోతుందని ఒక నమ్మకం. పెట్టె కట్టడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని ఇంకో నమ్మకం. డిగ్రీ అవగానే ఒక కొరియర్ ఆఫీసులో చేరాను లెండి. (ఆఫీసంటే ఒక షట్టరు, ఒక తూకం మిషను, గోడకి దేవుళ్ల క్యాలెండర్లు, ఎప్పుడూ కనబడకుండా పోయే కత్తెర.) అక్కడ నేను గాజుసామాను కడితే పగిలేది కాదు, ఆవకాయ కడితే కారేది కాదు. టేపు చించే చప్పుడు వింటే చాలు, నాలో ఒక గర్వం పొంగేది. ఇంట్లోవాళ్లు నా పేరు మరిచిపోయి ‘పార్సిలు’ అని పిలవడం మొదలుపెట్టారు. నేనది బిరుదనుకున్నాను.

నా చెల్లికీ ఒక బిరుదుంది. దాన్ని మా వీధిలో ‘కొరియా గుంట’ అనేవారు (గుంటంటే మా వైపు ఆడపిల్ల). కరోనా రోజుల్లో కాలేజీ మూసేసి ఇంట్లో కూర్చోబెడితే అందరి పిల్లల్లాగే ఇదీ ఫోను పట్టుకుని కొరియా సీరియళ్లు చూడడం మొదలుపెట్టింది. మిగతా పిల్లలు అందులో హీరోల జుట్టు చూస్తే, ఇది వాళ్ల కంచాలు చూసింది. తర్వాత జపాను వాళ్ల కంచాల్లోకి కూడా వెళ్లింది. మా నాన్నది ఎండుచేపల వ్యాపారం. ఏ మూల నిలబడినా నెత్తళ్ల వాసన వచ్చే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో ఇది క్యాబేజీకి కారం రాసి అమ్మ ఆవకాయ జాడీలో పెట్టి మూత బిగించింది. కొన్నాళ్లకి ఆ జాడీ మూత దానంతటదే లేచి బుస్సుమంది. అమ్మ దూరంగా గెంతి, “ఓలమ్మో, జాడీ ఊపిరి తీస్తన్నాదిరా!” అని కేకేసింది. చెల్లి మాత్రం పసిపిల్ల తొలి మాట విన్నట్టు మురిసిపోయి, “పండినాదమ్మా, పండినాది!” అంది. అన్నం మెత్తగా అయిపోతే, “ఆళ్లు ఇలాగే తింటారమ్మా” అనేది. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ, “ఆళ్లకి పళ్లు లేవేటే?” అని అడిగేది. అయినా అది ఏం వండితే అది మేమందరం తిన్నాం. మొదట నవ్వుతూ తిన్నాం, తర్వాత అడిగి మరీ తిన్నాం. (అమ్మ తినేది కానీ దాన్ని వంటని మాత్రం ఎప్పుడూ అనలేదు. అమ్మ లెక్కలో పులుసు పెట్టడం వంట, ఇదంతా ఆట. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.)

తర్వాత దానికి పెళ్లయింది. మా బావది కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. సొంత పడవ, మంచి మనిషి, మాట తక్కువ. పెళ్లయ్యాక చెల్లి ఫోనులో ఊళ్లో సంగతులన్నీ చెప్పేది గాని వంట మాట ఎత్తేది కాదు. తొలి ఆషాఢానికి పుట్టింటికి వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. వచ్చిన రోజు చీర కూడా మార్చకుండా వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. ఆ నెలంతా మా ఇంట్లో కొరియా, జపాను దేశాలు రెండూ కాపురం చేశాయి. మా పేటలో ఎప్పుడూ కనబడని ఆకులు, ఆవిరి, నువ్వుల వాసన. ఒక సాయంత్రం అది ముల్లంగి తరుగుతూ, నేను పక్కన కూర్చుని ముక్కలు దొంగిలిస్తూ ఉండగా అంది, “ఈ నెల ఐపోతే నా వంట ఐపోయినట్టే అన్నియ్యా.”

“అదేటే? ఆళ్లింట్లో పొయ్యి లేదేటి?”

“పొయ్యి ఉన్నాది. అది మా అత్తది. నాను ఉల్లిపాయలు తరగొచ్చు, గిన్నెలు తోమొచ్చు. గరిట ముట్టుకుంటే సాలు, ‘నువ్వు కూకోమ్మా, నాను సూసుకుంటాను’ అంటాది. మంచిదే, పాపం. తిట్టదు, కొట్టదు. కూకోమంటాది. ఎన్నాళ్లని కూకుంటానురా?”

అది ఏడవలేదు. ముల్లంగి మాత్రం మరీ సన్నగా తరిగింది. నేను దొంగిలించిన ముక్క తిరిగి దాని ముందు పెట్టేశాను. ఇంట్లో దానికి ఏ లోటూ లేదు, కాని దాని చేతికి పని లేదు. దాని సొంత సరుకులు, దాని సొంత గిన్నెలు అక్కడ ఒక మూలన ఉంటే అదే ఒక చిన్న వంటిల్లు అవుతుందని, ఆ మూల చూసుకుని అది బతికేస్తుందని నాకు తోచింది. అంటే నా మొదటి నమ్మకం నిద్ర లేచిందన్నమాట.

ఆ మర్నాడే ఆఫీసులో కూర్చుని, కొరియా, జపాను వంటలు చేసుకునే వాళ్లకి ఏం బహుమతి ఇవ్వాలి అని ఫోనుని అడిగాను. ఫోను పెళ్లిళ్ల పేరయ్యలా మొదలుపెట్టింది. బియ్యం కడుక్కోవడానికి ప్రత్యేకమైన గిన్నె ఇవ్వమంది. (వరి పండే జిల్లా వాడితో అనవలసిన మాటేనా?) అన్నం తిప్పడానికి కర్రతెడ్డు ఇవ్వమంది. మంచి కత్తి ఇవ్వమంది గాని, శుభమా అని అత్తారింటికి వెళ్లే పిల్లకి కత్తి ఇస్తే అమ్మ ముందు నా మీదే వాడుతుంది. అవన్నీ పక్కనపెట్టి చివరికి నేను తెప్పించినవి ఇవి: కింబాప్ అనే అన్నం చుట్టలు చుట్టుకోవడానికి సముద్రపు నాచుతో చేసిన నల్లటి పల్చటి రేకులు, వాటిని చుట్టడానికి వెదురుపుల్లల చాప, గోచుజాంగ్ అనే తీపికారం ముద్ద ఒక పెద్ద సీసా, తినే పుల్లలు ఒక కట్ట, జపాను వాళ్లు చారులో వేసుకునే ఎండుచేప తురుము ఒక సంచి. ఒక్కొక్కటీ మా ఆఫీసుకే పార్సిలుగా వచ్చేది. వాటి మీద నా పేరు చూసుకుని నేనే సంతకం పెట్టి, నేనే తీసుకుని, నాకు నేనే థాంక్స్ చెప్పుకునేవాడిని. చెల్లికి చెప్పలేదు. అత్తారింట్లో దిగాక చేతికిచ్చి దాని మొహం చూడాలని నా ఆశ.

శ్రావణం వచ్చింది. ఆడపిల్లని మళ్లీ అత్తారింట దింపే రోజు సారె పంపడం మా వైపు ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. సారె పేరుకి కూతురిది, తినేది ఊరు. వెదురుబుట్టల్లో లడ్డూలు, కాజాలు, జంతికలు, సున్నుండలు వెళ్తాయి, అత్తగారు వాటిని పళ్లేల్లో పెట్టి వీధిలో ప్రతి గుమ్మానికీ పంచుతుంది. బుట్టల లెక్క బేసిగా ఉండాలి. అమ్మ ఐదు బుట్టలనుకుంది. అందులో అరిసెల బుట్ట మా పెద్దమ్మ ఒప్పుకుంది. బయల్దేరే రోజు తెల్లవారగానే పెద్దమ్మ వచ్చింది గాని అరిసెలు రాలేదు. పాకం ముదిరిపోయి అరిసెలు తలుపు కింద చీలల్లా పెట్టుకోవడానికి పనికొచ్చేలా తయారయ్యాయట. అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని బుట్టల వంక చూసి, “నాలుగు బుట్టలెలాగెల్తాయిరా? ఆడపిల్లని సరి లెక్కన పంపిస్తామేటి? ఏదో ఒకటి ఎట్టి ఐదోది కట్టరా పార్సిలు” అంది.

ఏదో ఒకటి నా దగ్గర ఉంది. నా అట్టపెట్టె. అందులోవన్నీ తీసి ఖాళీ బుట్టలో సర్దాను. సర్దడమంటే మామూలు సర్దుడు కాదు. నల్లరేకుల కట్టలు విసనకర్రలా పరిచి, మధ్యలో ఎర్రసీసా నిలబెట్టి, వెదురుచాపని సగం చుట్టి పక్కన ఒరిగించి, పుల్లలకి పసుపుదారం కట్టి, పైన మెరుపుకాగితం కప్పాను. మిగతా నాలుగు బుట్టలూ దాని ముందు వెలవెలబోయాయి. పెద్దమ్మ కూడా అరిసెల దుఃఖం మరిచిపోయి, “ఇదేదో బాగున్నాదిరా” అంది. అక్కడికెళ్లాక దాన్ని నేను పక్కకి తీసేస్తానని అమ్మకి మాటిచ్చాను. రోజంతా ఊళ్లోవాళ్ల పార్సిళ్ల మీద పేరు లేదని, పిన్‌కోడు లేదని గొడవపడే మనిషిని, ఆ బుట్ట మీద చెల్లి పేరు రాయాలని తోచలేదు. సొంత మనుషుల దగ్గరికి వెళ్లే దానికి అడ్రసెందుకు అనుకున్నాను కాబోలు.

గూడ్స్ ఆటోలో బుట్టలు, బుట్టల మధ్య చెల్లి, డ్రైవరు పక్కన నేను. సముద్రం వాసన తగిలేసరికి అత్తారింటివాళ్లు ఎదురొచ్చారు (బావ మాత్రం వేటకెళ్లాడు). చెల్లి అత్తగారు తీరంలో చేపల వేలం పాడే మనిషి. ఆవిడ ‘రండి’ అంటే మూడో వీధిలో వాళ్లు కూడా బయటికొస్తారు. నన్ను చూసి, “రా అల్లుడుబాబూ, సిక్కిపోనావేటి? కూకో, కూకో” అని కంచం ముందు కూర్చోబెట్టింది. (కూకోమనడం ఆవిడ ప్రేమ భాషని అప్పుడు నాకింకా తెలీదు.) ఆ భోజనం సంగతి ఏం చెప్పను! సందువా చేపల పులుసు, రొయ్యల వేపుడు, వద్దన్నకొద్దీ వడ్డన. బుట్ట సంగతి గుర్తుంది. చెయ్యి కడుక్కుని తీద్దామనుకున్నాను. చెయ్యి కడుక్కున్నాక నవారు మంచం కనబడింది, దాని మీదికి సముద్రపు గాలి వీస్తోంది. ఒక్క క్షణం నడుం వాల్చి లేద్దామనుకున్నాను. ఆ క్షణం ఎంతసేపు సాగిందో నాకు తెలీదు.

లేచేసరికి ఎండ వాలిపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పెరటి గుమ్మంలో చెల్లి కూర్చుని ఉంది, ఒళ్లో ఖాళీ బుట్ట. అందులో అడుగున పసుపుదారం ముక్క, మెరుపుకాగితం. నన్ను చూడగానే అడిగింది, “ఇవి నాకా అన్నియ్యా?”

నేను తలూపాను.

“సారె బుట్టలు కొత్తకోడలు ముట్టుకోకూడదంట. నన్ను గదిలో కూకోబెట్టినారు. తలుపు సందులోంచి సూత్తన్నాను. లడ్డూ పక్కన నల్లరేకు, జంతిక పక్కన నల్లరేకు. ఇల్లిల్లూ పంచీసినారు. అంతమంది పెద్దోళ్లున్నారు, అది నాదని ఎలాగ సెప్పన్రా?” అప్పుడు ఏడ్చింది. అది పెళ్లిలో కూడా అలా ఏడవలేదు. తర్వాత ముక్కు తుడుచుకుని, “ఎంత బాగా సర్దినావురా” అని కూడా అంది. ఆ మాటకి నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

అత్తగారి తప్పేమీ లేదు. మెరుపుకాగితం విప్పితే ఏవేవో కనబడ్డాయి. వీధి ఆడవాళ్లందరూ చుట్టూ నిలబడి ‘ఇదేటి, అదేటి’ అంటుంటే, తెలీదనడం ఇష్టంలేక, “టౌనోళ్ల సారె ఇప్పుడు ఇలాగే ఉంటాదర్రా” అని గొంతెత్తి ప్రకటించి, మనిషికింత చొప్పున సమానంగా పంచేసింది. తినే పుల్లలు జతలని ఎవరికీ తట్టక ఇంటికొకటి చొప్పున వెళ్లాయి. చేప తురుము దగ్గర మాత్రం చిక్కొచ్చింది. సముద్రం ఒడ్డున పుట్టిన మనుషులకి చేప వాసన దాచలేం కదా! ఎండుచేపల వ్యాపారి తన కూతురి సారెలో ఎండుచేప పంపాడు, అదీ తురిమి పంపాడు అని ఊరంతా నవ్వుకుంది.

పౌరుషం వచ్చి చొక్కా తొడుక్కున్నాను. సారె వెనక్కి అడగకూడదు, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ పలకరింపుగా నాలుగిళ్లకి వెళ్తే, మాటల్లో మాటగా వాళ్లే ‘ఇది మాకెందుకు బాబూ’ అని ఇచ్చేయవచ్చు కదా అని నా ఎత్తు. మొదటింట్లో ఒక మామ్మ తన లంగాకి బొందు ఎక్కిస్తోంది. దేనితో ఎక్కిస్తోందో చూశాను. తినే పుల్ల చివర బొందు ముడేసి, నేఫాలోంచి సర్రున అవతలికి తీసి, “ఎంత నున్నగున్నాదో సూడు బాబూ! ఇన్నాళ్లూ పిన్నీసుతో సచ్చినాను. మీయమ్మ సల్లగుండాల” అని దీవించింది. ఆ దీవెన తీసుకుని పుల్ల ఎలా అడగను? రెండో ఇంట్లో ముసలాయన మోకాలి మీద నల్లరేకు తడిపి అతికించుకుని గుమ్మంలో కాళ్లు చాపుకుని ఉన్నాడు. నొప్పికి పట్టీ అనుకున్నాడు పాపం. “లాగుతన్నాది బాబూ, నొప్పి లాగుతన్నాది” అన్నాడు. ఇంకో ఇంట్లో అప్పడమనుకుని నిప్పుల మీద కాల్చారు. పిల్లలందరూ నల్లటి పళ్లతో నన్ను చూసి నవ్వారు. వాళ్ల అక్కలు, “పార్సిలు బావా, సేపని తురిమి పంపినారేటి? మాకు పళ్లు లేవనుకున్నారేటి?” అని ఆటపట్టించారు. (మా అమ్మ కొరియావాళ్లని అన్న మాట తిరిగి తిరిగి నాకే తగిలింది.) ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టారు, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తినిపించారు. ఒట్టి చేతులతోనూ నిండు పొట్టతోనూ తిరిగొచ్చాను.

దారిలో అమ్మ ఫోను చేసింది. ఆ ఊరి నవ్వు ఆ పాటికే శ్రీకాకుళం చేరిపోయింది. “తురిమిన సేపేట్రా? నానెప్పుడు తురిమినాన్రా? మన పరువు తురిమీసినావు కదరా!” అంది. ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా పూర్తిగా వినబడింది.

పెరట్లో అత్తగారు చేపలు బాగుచేస్తోంది. ఇక దాచడం నావల్ల కాలేదు. ఎదురుగా పీట మీద కూర్చుని, “అత్తా, ఆ ఐదో బుట్ట సారె కాదు. నాను సెల్లికి తెచ్చినది. పక్కకి తీద్దామనుకుని తొంగున్నాను” అన్నాను.

ఆవిడ చేతిలో కత్తి ఆగింది. “కోడలిదేటి? మరి సెప్పొద్దా? నోరు లేదేటి దానికి?”

“అంతమంది పెద్దోళ్ల ముందర ఎలాగ సెప్తాది?”

“ఔనులే.” మళ్లీ పొలుసు గీకుతూ, “ఇంతకీ అయ్యన్నీ దేనికి?”

“వొంటకి.”

“ఎవులు వొండుతారు?”

“సెల్లే. ఇంకెవులు?”

ఆవిడ నన్ను వింతగా చూసింది. “దానికి వొంటొచ్చునేటి?”

నేను నోరు తెరిచేలోపు ఆవిడే అంది, “పెళ్లిసూపుల నాడు మీయమ్మ నా సెయ్యట్టుకుని సెప్పినాది. ‘మా గుంటకి వొంట అంతగా రాదు వదినా, తప్పట్టకు, నువ్వే సూసుకో’ అని. పరాయింటి పిల్ల, సేతకాని పని సెప్పి కష్టపెట్టకూడదని, పొయ్యి కాడికి రానీకుండా నానే సూసుకుంటన్నాను. మధ్యాన్నం ఏలం సూసి వొచ్చీసరికి నడుం ఇరిగిపోతన్నా నానే వొండుతన్నాను.”

చూశారా, అమ్మ అబద్ధం చెప్పలేదు. అమ్మ దృష్టిలో పులుసు పెట్టడమే వంట కదా, అది చెల్లికి నిజంగానే అంతగా రాదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంట్లో ఒక మనిషి జాలితో అలిసిపోతోంది, ఇంకో మనిషి ఖాళీ చేతులతో ఉక్కిరిబిక్కిరి అవుతోంది. మధ్యలో నేను నాచురేకులు కొనుక్కొచ్చాను. గుమ్మం వెనక చెల్లి నిలబడి అంతా వింటోంది.

అత్తగారు చేతులు కడుక్కుని లేచింది. “పంచిన సారె ఎనక్కడగనే. ఊరు నవ్వుతాది, మంచిది కూడా కాదు. రేపు పళ్లేలొస్తాయి కదా, అయ్యి నీయి. పొయ్యి కూడా రేపు నీదే. ఏటి సేస్తావో సెయ్యి” అంది చెల్లితో. సారె పంచిన పళ్లెం ఖాళీగా తిరిగి రాకూడదు. అది ఆ ఊరి మర్యాద. ఇంట్లో ఉన్నదేదో వేసి తిరిగి పంపుతారు. ఎప్పుడూ అవి అత్తగారి కొట్లోకి వెళ్తాయి.

తెల్లారాక పళ్లేలు రావడం మొదలైంది. ఒకదాంట్లో కొత్తబియ్యం, ఒకదాంట్లో నాటుకోడి గుడ్లు. నువ్వులు, బెల్లం, కీరదోసకాయలు, ముల్లంగి. అది సముద్రం ఊరు కాబట్టి సగం పళ్లేల్లో మిలమిలలాడే ఎండు నెత్తళ్లు. ఒక్కో పళ్లెం దిగుతుంటే చెల్లి కళ్లు పెద్దవవుతున్నాయి. చివరికి ఆ పళ్లేల మధ్య కూర్చుని పకపకా నవ్వేసింది. “అన్నియ్యా, కొరియాలో సారు కాయాలంటే మొదట నెత్తళ్లే ఉడకబెడతార్రా! ఇంతకాలం మన నాన్న కొట్లో కూకుని నానెందుకు ఏడిసినాను?” నా ఫోను అన్ని బహుమతులు చెప్పింది గాని ఎండు నెత్తళ్లు ఇవ్వమని చెప్పలేదు. చెప్పి ఉంటే మా ఇంట్లోనే బస్తాలున్నాయి.

అది కొంగు దోపుకుని పొయ్యి ముందు నిలబడింది. నెత్తళ్ల తలలు గిల్లి ముల్లంగితో చారు మరగబెట్టింది. మిగిలిన నెత్తళ్లు కరకరలాడేలా వేయించి, పంచగా అత్తగారి దగ్గర మిగిలిన ఖాళీ గోచుజాంగ్ సీసాని వేడినీళ్లతో కడిగి, ఆ ఎర్రనీళ్లు పోసి, బెల్లం, నువ్వులు వేసి కలియబెట్టింది. అన్నం కావాలనే మెత్తగా వండింది. అత్తగారు పీట మీద కూర్చుని (ఈసారి కూర్చోవడం ఆవిడ వంతు) మూడుసార్లు లేవబోయింది. “మాడుతాదేమో సూడు” అంది, “ఉప్పేసినావేటి” అంది, తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కష్టం మీద ఊరుకుంది. ఆ వాసనకి గుమ్మం దగ్గర ఒక పిల్ల తొంగిచూసింది. దాని చేతిలో వాళ్లింటి నల్లరేకు. “వదినా, దీన్నేటి సెయ్యాలే?” అని అడిగింది. చెల్లి దాని మీద అన్నం పరిచి, గుడ్డట్టు ముక్క, కీరా ముక్క పెట్టి, వెదురుచాప లేదు గనక తడిగుడ్డతో చుట్టి, కోసి చేతిలో పెట్టింది. ఆ పిల్ల పరుగెత్తుకుని వీధిలోకి పోయింది. అంతే, కాల్చగా మిగిలిన రేకులు, ఎవరింట్లోనో కుండ మీద మూతగా మారిన చాప, ఎవరికీ అక్కర్లేని పుల్లలు, అన్నీ ఒక్కొక్కటిగా తమ ఆడవాళ్లని వెంటేసుకుని మా చెల్లి దగ్గరికి నడిచొచ్చాయి. ఎవరూ వెనక్కివ్వలేదు, ఎవరూ అడగలేదు. చూడ్డానికి వచ్చి అక్కడే ఉండిపోయారు. మోకాలి పట్టీ ముసలాయన మాత్రం రేకు పీకడానికి ఒప్పుకోక, మోకాలితో సహా వచ్చి కూర్చున్నాడు.

అందరికన్నా ముందు కంచం అత్తగారికే పెట్టింది. ఆవిడ నెత్తళ్లు నాలుగు నోట్లో వేసుకుని నమిలింది. చెల్లి గరిట రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

“ఇయ్యి మన నెత్తళ్లేనేటి?” అంది చివరికి.

“ఔనత్తా.”

“ఇంకొంచెం ఎయ్యి.”

నేను వెనక్కి తిరిగి సముద్రం చూస్తున్నట్టు నటించాను. కళ్లు తుడుచుకుంటే ఆ మరదళ్లు ఊరుకుంటారా మరి!

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఆ కొరియర్ ఉద్యోగం వదిలేశాను, నడుం కొంచెం లావయింది, పెట్టెలు ఇప్పుడు ఎవరో కడితే నేను సంతకం పెడతాను. మొన్న ఆ ఊరు వెళ్లాను. జంటలేని పుల్ల ఒకటి ఇంకా చెల్లి డబ్బాలో ఉంది. దాని జత మామ్మ దగ్గరే ఉండిపోయింది, వీధిలో ఎవరి లంగాకి బొందు ఎక్కాలన్నా మామ్మ దగ్గరికే వెళ్లాలట. నేను ఆ పాత నవారు మంచం మీద వాలి ఉండగా వంటింట్లోంచి అత్తగారి వేలం గొంతు వినబడింది, “ఒసే, నల్లరేకులెక్కడెట్టినావే? నాకేటీ కనబడట్లేదు, ఈ ఇంట్లో ఏదెక్కడుంటాదో నీకే తెలుస్తాది!” పెరట్లోంచి చెల్లి, “కందిపప్పు డబ్బా ఎనకాతల సూడత్తా!” అని అరిచింది.

నవ్వొచ్చింది. ఆ రోజు బుట్ట మీద పేరు రాసి ఉంటే అది తిన్నగా చెల్లి గదిలోకి వెళ్లేది, మంచం కింద ఉండిపోయేది, అత్తగారు ఇప్పటికీ నడుం పట్టుకుని ‘కూకోమ్మా’ అంటూ ఉండేది. నా ఉద్యోగంలో తప్పుడు ఇంటికి చేరిన పార్సిలు అదొక్కటే, దాని గురించి నాకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మెరుపుకాగితం కప్పి తనేదో సాధించాననుకున్న ఆ కుర్రాడిని తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు. బాధ్యతంతా నెత్తిన పెట్టుకుని కూడా, సందువా పులుసు తిని అంత హాయిగా నిద్రపోగలిగినందుకు వాడి మీద కాస్త అసూయ మాత్రం ఉంది. మొన్న అదే మంచం మీద ఎంతసేపు కళ్లు మూసుకున్నా నాకు నిద్ర పట్టలేదు.